పొలంలో గడ్డి పుష్కలం - బాయిలర్‌కు చేర్చేదెవరు?

వ్యవసాయ వ్యర్థాలతో విద్యుత్తు: మూడు దశాబ్దాల అనుభవం

చండీగఢ్: పంజాబులో ఖరీఫ్ వరి కోతలు ముగిసేసరికి ఏటా దాదాపు 200 లక్షల టన్నుల గడ్డి పొలాల్లో మిగులుతుంది. ఈ గడ్డి యావత్తూ విద్యుత్ కేంద్రాలకు చేరగలిగితే రెండు వేల మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రాలను ఏడాది పొడవునా నడపవచ్చునని లెక్కలు చెబుతున్నాయి. 2024 వేసవిలో 16 వేల మెగావాట్లు దాటిన ఆ రాష్ట్ర గరిష్ఠ విద్యుత్ డిమాండులో ఇది ఎనిమిదో వంతుకు సమానం.

వాస్తవ పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో వెల్లడించిన వివరాల ప్రకారం పంజాబులో వ్యవసాయ వ్యర్థాలతో నడిచే విద్యుత్ కేంద్రాలు 11. వాటి మొత్తం సామర్థ్యం 97.5 మెగావాట్లు. అవి ఏడాదికి వాడుకుంటున్న వరిగడ్డి 8.8 లక్షల టన్నులు. అంటే పండిన గడ్డిలో నూటికి అయిదు పాళ్లు కూడా కాదు. మిగిలిన గడ్డిలో కొంత దుక్కిలో కలుస్తుండగా, పెద్ద భాగం ఏళ్ల తరబడి పొలంలోనే తగలబడింది. ఆ పొగ హర్యానా మీదుగా ఢిల్లీకి చేరి, నవంబరు తొలి వారాల్లో కొన్ని రోజుల పాటు రాజధాని గాలిలోని సూక్ష్మ ధూళి కణాల్లో మూడో వంతుకు పైగా వాటాను ఆక్రమించిన సందర్భాలున్నాయి. సరిహద్దుకు ఆవల పాకిస్థాన్ పంజాబులోనూ ఇదే తంతు జరుగుతున్నందున లాహోరు నగరం కూడా ఈ పొగ బారిన పడుతోంది.

గడ్డిని మండించి విద్యుత్తు తీసే పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. దేశంలో ఈ ప్రయత్నం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. అయినా అది ఒక స్థాయిని మించి పెరగకపోవడానికి కారణం ఏమిటన్నది ఇంధన, వ్యవసాయ రంగాలు రెండింటినీ వేధిస్తున్న ప్రశ్న. పంజాబు మొదలుకొని ఆంధ్రప్రదేశ్ వరకు వివిధ రాష్ట్రాల అనుభవాన్ని పరిశీలిస్తే చిక్కు బాయిలర్ దగ్గర కంటే పొలానికీ బాయిలర్‌కూ మధ్యనున్న దారిలోనే ఎక్కువగా ఉన్నట్లు స్పష్టమవుతుంది.

రైతుకు ఇరవై రోజులే గడువు

వరి కోతకూ గోధుమ విత్తనానికీ మధ్య పంజాబు రైతుకు మిగిలే వ్యవధి రమారమి రెండు, మూడు వారాలు. ఈ వ్యవధి ఇంతగా కుదించుకుపోవడానికి ఒక చట్టం కూడా కారణం. భూగర్భ జలాలు అడుగంటిపోతుండటంతో 2009లో పంజాబు ప్రభుత్వం భూగర్భ జల పరిరక్షణ చట్టాన్ని తెచ్చింది. నడివేసవిలో నాట్లు వేస్తే నీరు ఎక్కువగా ఆవిరైపోతుందన్న ఉద్దేశంతో, నిర్ణీత తేదీకి ముందు వరినాట్లు వేయడాన్ని నిషేధించింది. నీటి పొదుపునకు ఇది తోడ్పడింది. కానీ నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమవుతాయి. గోధుమ విత్తే అదను మాత్రం రైతు కోసం ఆగదు.

దీనికి కోత యంత్రాల తీరు తోడయింది. కూలీల కొరత వల్ల పంజాబులో వరి కోతలు చాలాకాలంగా యంత్రాలతోనే సాగుతున్నాయి. యంత్రం వెన్నును కోసి ధాన్యాన్ని వేరుచేసి, గడ్డిని పొలమంతా చెల్లాచెదురుగా విసిరి, కింద మోకాలెత్తు కొయ్యకాళ్లను నిలిపి వెళుతుంది. దాన్ని పోగు చేయాలంటే మళ్లీ ఖర్చు. నిప్పంటించడానికి ఒక అగ్గిపుల్ల చాలు.

తెలుగు ప్రాంతాల్లో వరిగడ్డి అంటే పశువుల మేత. వామి వేసి ఏడాదంతా వాడుకుంటారు. పంజాబులో పశువులకు గోధుమ పొట్టు మేపే అలవాటు ఉంది. బాస్మతి గడ్డిని కొంతవరకు మేతగా వాడినా, ఇసుక జాతి పదార్థమైన సిలికా అధికంగా ఉండే సాధారణ రకాల గడ్డిని అక్కడి రైతులు పశువులకు పెద్దగా వేయరు. అందువల్ల దానికి స్థానికంగా గిరాకీ లేకుండా పోయింది.

తగలబెట్టడం వల్ల రైతుకు కలుగుతున్న నష్టం కూడా తక్కువేమీ కాదు. ఒక టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 400 కిలోల సేంద్రియ కర్బనం ఉంటాయని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. కాల్చినప్పుడు కర్బనం పూర్తిగా, నత్రజని చాలావరకు గాలిలో కలిసిపోతాయి. ఆ మేరకు రైతు ఎరువుల దుకాణానికి వెళ్లక తప్పదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో పంట వ్యర్థాల దహనంపై ఆంక్షలు విధించింది. 2021లో వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ చట్టబద్ధంగా ఏర్పడింది. 2024 నవంబరులో కేంద్రం పరిహారం పేరిట వసూలు చేసే జరిమానాలను రెట్టింపు చేసింది. దీని ప్రకారం రెండెకరాల లోపు రైతు 5 వేలు, రెండు నుంచి అయిదెకరాల రైతు 10 వేలు, అంతకు మించిన వారు 30 వేల రూపాయలు చెల్లించాలి. గడ్డిని తీసుకుపోయే వారిని చూపకుండా జరిమానా మాత్రం విధిస్తే ఎలాగని రైతు సంఘాలు ప్రశ్నిస్తున్నాయి.

కాగితంపై 28 వేల మెగావాట్లు

దేశవ్యాప్తంగా చూస్తే లెక్కలు మరింత ఆశాజనకంగా కనిపిస్తాయి. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ తరఫున హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా జరిపిన అధ్యయనం ప్రకారం దేశంలో ఏటా లభించే వ్యవసాయ వ్యర్థాలు సుమారు 75 కోట్ల టన్నులు. పశువుల మేత, వంటచెరకు, ఇంటి కప్పు తదితర అవసరాలు పోను మిగిలేది దాదాపు 23 కోట్ల టన్నులు. ఈ మిగులుతో 28 వేల మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తికి అవకాశం ఉంది. చక్కెర మిల్లుల్లో చెరకు పిప్పి ద్వారా మరో 14 వేల మెగావాట్లు సాధ్యమని అంచనా.

ఇప్పటివరకు నెలకొల్పిన సామర్థ్యం 10 వేల మెగావాట్లకు పైచిలుకు. అయితే ఇందులో 9 వేల మెగావాట్లకు మించి చెరకు పిప్పితో నడిచేవే కావడం గమనార్హం. పొలాల నుంచి సేకరించే గడ్డి, కట్టె, పొట్టు వంటి ఇతర వ్యర్థాలతో విద్యుత్ గ్రిడ్‌కు కరెంటు అందించే కేంద్రాల సామర్థ్యం 2022 నాటికి 800 మెగావాట్ల లోపే ఉంది. 28 వేల మెగావాట్ల అవకాశంలో ఇది మూడు శాతం కూడా కాదు. పిప్పి విషయంలో సాధ్యమైనది గడ్డి విషయంలో ఎందుకు సాధ్యం కాలేదన్న దానికి సమాధానం ఈ అంకెల్లోనే దాగి ఉంది.

చెరకును రైతు తన అవసరం కొద్దీ మిల్లుకు తోలుకు వస్తాడు. రసం తీసిన తరువాత చెరకు బరువులో దాదాపు 30 శాతం పిప్పి మిల్లు ఆవరణలోనే మిగులుతుంది. సేకరణ ఖర్చు లేదు, రవాణా ఖర్చు లేదు, దళారీ లేడు. మిల్లుకు ఎలాగూ ఆవిరి కావాలి కాబట్టి బాయిలర్ ఉండనే ఉంటుంది. పాత బాయిలర్ స్థానంలో అధిక పీడనంతో పనిచేసేది అమర్చుకుంటే సొంత అవసరాలు తీరి, మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల్లోని మిల్లులు ఈ మార్గంలోనే చక్కెర ధరల ఒడిదుడుకుల నుంచి కొంతవరకు బయటపడ్డాయి. బియ్యం మిల్లుల్లోని ఊకకూ ఇదే సౌలభ్యం ఉంది. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకగా మిల్లు దగ్గరే పోగవుతుంది. బంగ్లాదేశ్‌లో ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లన్నీ ప్రధానంగా ఈ ఊకతోనే నడుస్తున్నాయి.

పొలంలో పడి ఉన్న గడ్డి సంగతి అలా కాదు. దాని దగ్గరకు ఎవరో ఒకరు వెళ్లాలి.

జాల్ఖేడీ నేర్పిన పాఠం

కేంద్రంలో సాంప్రదాయేతర ఇంధన వనరులకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడిన 1992లోనే పంజాబులోని జాల్ఖేడీ వద్ద వరిగడ్డితో నడిచే 10 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. ప్రభుత్వ రంగ సంస్థ భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ దాన్ని నిర్మించింది. దేశంలో ఈ తరహా కేంద్రాల్లో ఇదే మొదటిది. దానిపై అప్పట్లో భారీ ఆశలే పెట్టుకున్నారు. ఆ తర్వాత దాన్ని ప్రైవేటు వారికి లీజుకివ్వడం, మధ్యలో కొన్నేళ్లు మూతపడటం జరిగాయి.

వరిగడ్డి చూడటానికి తేలికైన ఇంధనమే కానీ మండించడానికి మొండిది. అందులోని పొటాషియం, క్లోరిన్ వంటి పదార్థాల వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి బాయిలర్ గొట్టాలకు పెంకులా అంటుకుంటుంది. గొట్టాలను తినేస్తుంది. ఆ పెంకును తొలగించడానికి తరచూ కేంద్రాన్ని నిలిపివేయక తప్పదు. బొగ్గు కోసం తయారుచేసిన బాయిలర్‌లో గడ్డిని యథాతథంగా వేస్తే పని జరగదు. ఇందుకు తగిన బాయిలర్లు తరువాతి కాలంలో అందుబాటులోకి వచ్చాయి. ఆ మేరకు సాంకేతిక సమస్య కొంతవరకు పరిష్కారమైందనే చెప్పాలి.

పరిష్కారం కానిది పరిమాణం. పంజాబు కేంద్రాల లెక్క ప్రకారమే ఒక్కో మెగావాటుకు ఏడాదికి దాదాపు 9 వేల టన్నుల గడ్డి కావాలి. 10 మెగావాట్ల కేంద్రానికి 90 వేల టన్నులు. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి వస్తుందనుకుంటే సుమారు 36 వేల ఎకరాల గడ్డి అన్నమాట. దీనినంతా ఆరబెట్టి, కట్టలు కట్టి, ముప్పై రోజుల్లో తరలించాలంటే రోజుకు 3 వేల టన్నులు ఎత్తాలి. పది టన్నులు పట్టే లారీలు రోజుకు మూడు వందలు తిరగాలి. ఆ తర్వాత పదకొండు నెలల పాటు వాటికి పని ఉండదు.

గడ్డి కట్టలు కట్టే బేలరు యంత్రాల పరిస్థితీ అంతే. కొయ్యకాళ్లు కోసే యంత్రం, గడ్డిని వరుసలుగా పోగుచేసే రేకు, బేలరు, వాటిని లాగడానికి ట్రాక్టర్లు కలిపితే పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. ఏడాదికి నెలా, నెలన్నర మాత్రమే పనిచేసే యంత్రానికి బ్యాంకు వాయిదా మాత్రం ఏడాదంతా కట్టాలి. కట్టలను నిల్వ చేయడానికి పదుల ఎకరాల స్థలం కావాలి. వాన నుంచి, నిప్పు నుంచి కాపాడుకోవాలి. గడ్డి తేలిక కాబట్టి లారీ నిండినా బరువు తక్కువే. యాభై కిలోమీటర్లు దాటితే కిరాయి గడ్డి ధరను మింగేస్తుంది. ఈ కారణంగానే వ్యవసాయ వ్యర్థాల విద్యుత్తు ఎక్కడికక్కడ ప్రాంతీయంగా ఉండాల్సిందే తప్ప, బొగ్గు మాదిరిగా రైలుబండ్లపై వందల కిలోమీటర్లు తీసుకుపోయే సరుకు కాదని నిపుణులు అభిప్రాయపడుతున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక ధర కథ

ఉత్తరాదిన సేకరణ సమస్య కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ధర సమస్య తలెత్తింది. 1997లో రాష్ట్ర ప్రభుత్వం సాంప్రదాయేతర విద్యుత్తుకు యూనిట్‌కు 2 రూపాయల 25 పైసల చొప్పున కొనుగోలు ధర, దానిపై ఏటా 5 శాతం పెంపు ప్రకటించడంతో వివిధ జిల్లాల్లో చిన్న చిన్న విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఊక, వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, బీళ్లలో పెరిగే సర్కారు తుమ్మ వీటికి ఇంధనం. తొలినాళ్లలో ఈ ఇంధనం కారుచౌకగా లభించింది. మిల్లుల వెనుక ఊక గుట్టలను తీసుకుపోతే చాలుననే పరిస్థితి ఉండేది.

కేంద్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పరిస్థితి తారుమారైంది. ఒకే ప్రాంతంలో రెండు, మూడు కేంద్రాలు ఒకే ఊక కోసం పోటీపడ్డాయి. ఇటుక బట్టీలు, ఉప్పుడు బియ్యం మిల్లులు, కోళ్ల ఫారాలు కూడా దాన్నే కొంటాయి. కొనేవాడు కనిపించిన మరుక్షణం చెత్త సరుకైంది. కరవు వచ్చిన ఏడాది ధాన్యం తగ్గితే ఊకా తగ్గుతుంది. ఇంధనం ధర ఏటా పెరుగుతుండగా విద్యుత్ అమ్మకం ధర మాత్రం నిబంధనలకు కట్టుబడి ఉంటుంది.

ఈలోగా ధరపై వివాదం ముదిరింది. ఉత్పత్తి చేసిన విద్యుత్తును ట్రాన్స్‌కోకే అమ్మాలని విద్యుత్ నియంత్రణ మండలి 2001లో ఆదేశించింది. 2004 మార్చిలో కొనుగోలు ధరలను సవరించింది. కేంద్రాల యజమానులు దీనిపై విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించగా 2006లో వారికి అనుకూలంగా తీర్పు వచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ధరలను సమీక్షించే అధికారం మండలికి ఉందంటూ, వివాదాన్ని తాజాగా విచారించవలసిందిగా 2010 జూలైలో సుప్రీంకోర్టు తిరిగి మండలికే పంపింది. ఈ వ్యాజ్యాలు నడిచిన సంవత్సరాల్లో పలు కేంద్రాలు గిట్టుబాటు కాక ఉత్పత్తిని తగ్గించుకున్నాయి. కొన్ని మూతపడ్డాయి.

వినియోగదారుల వైపు నుంచి చూస్తే మండలి వాదనలోనూ న్యాయం ఉంది. విద్యుత్ సంస్థ ఎక్కువ ధరకు కొంటే ఆ భారం చివరకు బిల్లు కట్టే వారి మీదే పడుతుంది. ఇంధనం ధర పెరుగుదలను పూర్తిగా ఉత్పత్తిదారుపై వేస్తే కేంద్రం మూతపడుతుంది. పూర్తిగా వినియోగదారుపై వేస్తే కరెంటు ఖరీదవుతుంది. ఈ రెండింటి మధ్య నిలకడైన సూత్రం కుదరకపోవడమే అక్కడి వైఫల్యానికి మూలం.

ఊళ్లోనే కరెంటు

పెద్ద కేంద్రాలకు ఇంధనాన్ని మోసుకుపోవడానికి బదులు ఇంధనం ఉన్న ఊళ్లోనే చిన్న యూనిట్ పెట్టాలన్న ఆలోచనా ఉంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రజ్ఞులు 1980 దశకం చివర కర్ణాటకలోని తుముకూరు జిల్లా హోసహళ్లిలో కట్టెను వాయువుగా మార్చి ఇంజను నడిపే గ్యాసిఫయర్‌ను నెలకొల్పారు. ఆ కరెంటుతో ఇళ్లలో దీపాలు వెలిగాయి, తాగునీరు అందింది, పిండి మర తిరిగింది. 2007లో బీహారులోని పశ్చిమ చంపారన్ జిల్లా తమ్కుహా గ్రామంలో హస్క్ పవర్ సిస్టమ్స్ అనే సంస్థ ఊకతో ఇదే పద్ధతిలో విద్యుత్తు ఉత్పత్తి ప్రారంభించి, గ్రిడ్ చేరని పలు గ్రామాలకు విస్తరించింది.

అయితే గ్యాసులోని తారును శుభ్రపరచడం, ఇంజనును చూసుకునేందుకు శిక్షణ పొందిన మనిషి ఊళ్లోనే ఉండటం ఈ యూనిట్లకు తప్పనిసరి. గ్రిడ్ తీగ ఊరికి వచ్చిన తరువాత చిన్న యూనిట్ కరెంటుకు గిరాకీ తగ్గుతుంది. సౌర పలకల ధరలు పడిపోవడంతో హస్క్ పవర్ సంస్థ కూడా క్రమంగా సౌర విద్యుత్తు వైపు మళ్లింది.

బొగ్గుతో పాటు గడ్డి

గడ్డి కోసం ప్రత్యేక కేంద్రాలు కట్టడం కంటే ఉన్న థర్మల్ కేంద్రాల్లోనే దాన్ని బొగ్గుతో కలిపి మండించడం మేలన్న వాదన ఇటీవల బలపడింది. ఎన్‌టీపీసీ 2017లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ కేంద్రంలో ఈ ప్రయోగం చేపట్టింది. గడ్డిని పొడిచేసి, అదిమి, గుళికలుగా మార్చి బొగ్గుతో కలుపుతారు. కొత్త టర్బైను అక్కరలేదు, కొత్త విద్యుత్ లైను అక్కరలేదు. గడ్డి వాటా స్వల్పం కాబట్టి బాయిలర్ గొట్టాలకు ముప్పు కూడా తక్కువ. ఢిల్లీకి 300 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు 5 నుంచి 10 శాతం వరకు వ్యవసాయ వ్యర్థాలను కలపాలని వాయు నాణ్యత కమిషన్ 2021 సెప్టెంబరులో ఆదేశించింది. మరుసటి నెలలోనే కేంద్ర విద్యుత్ శాఖ దేశవ్యాప్త విధానాన్ని ప్రకటించింది. నిర్ణీత శాతం వాడని కేంద్రాలు పర్యావరణ పరిహారం చెల్లించాలని 2023లో నిబంధనలు వచ్చాయి. పంజాబు ప్రభుత్వం ఇటుక బట్టీలు తమ ఇంధనంలో 20 శాతం మేర గడ్డి గుళికలు వాడాలని షరతు విధించింది. నిబంధన వచ్చినంత వేగంగా గుళికలు తయారు చేసే మిల్లులు రాకపోవడంతో తొలి ఏళ్లలో చాలా థర్మల్ కేంద్రాలు లక్ష్యానికి దూరంగానే నిలిచాయి.

మరోవైపు గడ్డి నుంచి విద్యుత్తుకు బదులు వాహన ఇంధనం తీసే కర్మాగారాలు రంగంలోకి వచ్చాయి. ఇండియన్ ఆయిల్ సంస్థ 900 కోట్లకు పైగా వ్యయంతో హర్యానాలోని పానిపట్‌లో నిర్మించిన ఇథనాల్ కర్మాగారం 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం దాని లక్ష్యం. అదే ఏడాది అక్టోబరులో పంజాబులోని సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో ఏటా లక్ష టన్నుల గడ్డి నుంచి రోజుకు 33 టన్నుల బయోగ్యాసు తయారు చేసే కర్మాగారం ఆరంభమైంది. గ్యాసు తీసిన తరువాత మిగిలే పిప్పి సేంద్రియ ఎరువుగా తిరిగి పొలానికి చేరుతుంది కాబట్టి మండించడం కంటే ఇది మెరుగైన మార్గమని పలువురి అభిప్రాయం.

2018 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పథకం 2023 నాటికి 5 వేల బయోగ్యాసు కర్మాగారాలు లక్ష్యంగా పెట్టుకోగా, వాస్తవంగా వచ్చినవి అందులో స్వల్ప భాగం మాత్రమే. 2025-26 నుంచి నగర గ్యాసు సరఫరాలో ఒక శాతం, 2028-29 నాటికి 5 శాతం బయోగ్యాసు కలపాలన్న నిర్ణయం 2023 నవంబరులో వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌లో 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో 500 బయోగ్యాసు కర్మాగారాలు నెలకొల్పేందుకు రిలయన్స్ సంస్థ 2024లో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో తొలి కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో పెంచే నేపియర్ గడ్డి వీటికి ప్రధాన ముడిసరుకు. ఇక్కడ గడ్డిని ఆ పని కోసమే పండిస్తారు కాబట్టి సేకరణ సమస్య కొంత తగ్గుతుంది. నీటి అవసరం ప్రశ్న మాత్రం ముందుంటుంది.

కర్మాగారాలన్నిటికీ స్వాగతం లభిస్తోందనీ చెప్పలేము. 2024లో లూధియానా జిల్లాలోని కొన్ని గ్రామాల ప్రజలు తమ ఊళ్లలో బయోగ్యాసు ప్లాంట్లు వద్దంటూ ఆందోళనకు దిగారు. దుర్వాసన, భూగర్భ జలాల కాలుష్యం వారి భయాలు. ఢిల్లీ గాలి శుభ్రపడటానికి తమ ఊరి నీరు పాడుకావాలా అన్నది వారి ప్రశ్న.

సౌర విద్యుత్తుతో పోటీ

ధర విషయంలో గడ్డికి అసలు పోటీ బొగ్గు కంటే సూర్యుడి నుంచే ఎదురవుతోంది. రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు వేలంలో 2017లో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో జరిగిన వేలంలో రెండు రూపాయల లోపునకు పడిపోయింది. వ్యవసాయ వ్యర్థాల విద్యుత్తుకు యూనిట్‌కు సుమారు ఏడెనిమిది రూపాయలు పడుతుంది. సూర్యరశ్మికి ధర లేదు, గడ్డికి ఉంది. విద్యుత్ సంస్థలు సహజంగానే చౌకగా వచ్చేదాని వైపు మొగ్గు చూపుతాయి.

కానీ ఈ పోలికలో కొన్ని అంశాలు మరుగున పడుతున్నాయన్నది సమర్థకుల వాదన. పొద్దు కుంకిన తరువాత సౌర విద్యుత్తు ఉండదు. గడ్డి కేంద్రం రాత్రివేళ కూడా నడుస్తుంది, కావాలన్నప్పుడు నడుస్తుంది. సౌర పార్కుకు పెట్టే పెట్టుబడిలో అధిక భాగం పలకల రూపంలో ఒకేసారి ఖర్చవుతుంది. గడ్డి విద్యుత్తులో ఖర్చయ్యే ప్రతి రూపాయిలో పెద్ద వాటా ఏటా కోత కూలీలకు, ట్రాక్టరు యజమానులకు, బేలరు నడిపేవారికి, అంటే ఆ ప్రాంతంలోనే చేరుతుంది. పొగ తగ్గడం వల్ల ఢిల్లీ, పంజాబు ప్రజల ఆరోగ్యానికి కలిగే మేలుకు యూనిట్ ధరలో లెక్క కట్టడం లేదు. ఆ మేలు పొందుతున్న నగరాలు ఖర్చులో పాలు పంచుకోవాలా, లేక కరెంటు బిల్లు కట్టే పంజాబు వినియోగదారుడే మొత్తం భరించాలా అన్నది తేలాల్సి ఉంది.

దారి ఖర్చు ఎవరిది?

కేంద్రం 2018లో పంట వ్యర్థాల నిర్వహణకు 1,151 కోట్ల రూపాయలతో పథకం ప్రకటించినప్పుడు గడ్డిని పొలంలోనే దుక్కిలో కలిపే యంత్రాలపై దృష్టి పెట్టింది. గడ్డిని తొలగించకుండానే గోధుమ విత్తే హ్యాపీ సీడర్ వంటి యంత్రాలు సబ్సిడీపై రైతులకు అందాయి. గడ్డిని పొలం బయటకు తరలించే ఏర్పాటుకు అప్పట్లో అంత ప్రాధాన్యం దక్కలేదు.

2023 జూన్‌లో ఈ పథకానికి సవరణ జరిగింది. గడ్డి సేకరణ, రవాణా, నిల్వకు కావాల్సిన యంత్రాల వ్యయంలో 65 శాతం ప్రభుత్వం, 25 శాతం గడ్డిని వాడుకునే పరిశ్రమ, 10 శాతం సేకరించే రైతు లేదా సంస్థ భరించేలా కొత్త మార్గదర్శకాలు వెలువడ్డాయి. పొలానికీ బాయిలర్‌కూ మధ్యనున్న దారి ఖర్చును ఎవరు ఎంత మోయాలో ప్రభుత్వం స్పష్టంగా చెప్పడం ముఖ్యమైన మార్పు. కొనుగోలుదారు ముందే పెట్టుబడి పెడతాడు కనుక గడ్డి తీసుకోక తప్పదు. సేకరించేవాడికి అప్పు భారం తగ్గుతుంది కనుక నెలన్నర పనితో ఏడాది గడపవచ్చు.

గడ్డినంతా పొలం నుంచి తీసుకుపోవడం కూడా మంచిది కాదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. కొంత గడ్డి నేలలో కలిస్తేనే సారం నిలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో పశువులకు మేత కరవైన ఏడాది గడ్డిని బాయిలర్లో వేస్తే పాడిరైతు నష్టపోతాడు. పత్తి కట్టె వంటి వాటి సంగతి వేరు. గులాబీ పురుగు మరుసటి పంటకు పాకకుండా ఉండాలంటే పత్తి కట్టెను పొలం నుంచి ఎలాగూ తీసివేయాలి. తీసినదాన్ని తగలబెట్టకుండా ఇంధనంగా అమ్ముకోగలిగితే రైతుకు ఆ మేరకు లాభం. అందువల్ల ఏ ప్రాంతంలో ఏ వ్యర్థం నిజంగా మిగులు, ఏది కాదు అన్నది జిల్లాల వారీగా తేల్చుకున్న తరువాతే కేంద్రాలకు అనుమతి ఇవ్వాలన్న వాదన ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక కోసం సాగిన పోటీ ఇందుకు నిదర్శనం.

ఉపగ్రహాలు నమోదు చేసిన లెక్క ప్రకారం పంజాబులో గడ్డి తగలబెట్టిన సంఘటనలు 2021లో 71,304 కాగా, 2023లో 36,663కు, 2024లో 10,909కి తగ్గాయి. ఉపగ్రహం దాటిపోయిన తరువాత సాయంత్రం వేళ నిప్పు పెడుతున్నందున ఈ తగ్గుదల పూర్తిగా నిజం కాకపోవచ్చునని కొందరు పరిశోధకులు హెచ్చరిస్తున్నారు. ఆ సందేహాన్ని తీర్చడానికి మంటల లెక్క ఒక్కటే చాలదు. ప్రతి సీజనులో పొలాల నుంచి ఎన్ని లక్షల టన్నుల గడ్డి తూకం వేయించుకుని కేంద్రాలకు, కర్మాగారాలకు చేరింది, అందుకు రైతుకు క్వింటాలుకు ఎంత ముట్టింది అన్న లెక్క కూడా జిల్లాల వారీగా బయటకు రావాలి. కోతకూ విత్తనానికీ మధ్యనున్న ఆ ఇరవై రోజుల్లో బేలరు తన పొలానికి వస్తుందన్న భరోసా చిన్న రైతుకు కలిగిన ప్రాంతాల్లో అగ్గిపుల్ల అవసరం తనంత తానే తగ్గుతుంది. ఆ భరోసా లేనిచోట జరిమానాలు ఎంత పెంచినా ఫలితం పరిమితమే.